‘తల్లి’ని కొట్టివేసిన అర్జీ

జరిగిన అన్యాయాల పట్టిక ఇది. తేదీలను తిథుల్లో రాశాను. ప్రతివాది కొలువులో చెల్లే లెక్క అదే.

ఒకటి. అయిదేండ్లు కావస్తోంది. శ్రావణ బహుళ తదియ, బుధవారం. ఆళ్లగడ్డలో మా పక్కింటి కోడలి మొదటి గర్భం నాలుగో నెలలో పోయింది. కారణం తెలియజేయలేదు.

రెండు. మరుసటి ఏడు, ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి, శనివారం. ఆరో నెల. ఆడపిల్ల. ఏడవలేదు. కారణం తెలియజేయలేదు.

మూడు. ఆ తర్వాత రెండో ఏడు, వైశాఖ బహుళ పంచమి, గురువారం. ఎనిమిదో నెల. మగబిడ్డ. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఊపిరి ఉంది. పేరు పెట్టే వ్యవధి దొరకలేదు. కారణం తెలియజేయలేదు.

నాలుగు. గత మాఘ శుద్ధ ద్వాదశి, సోమవారం. పై మూడింటినీ ఉదహరిస్తూ, నాలుగో కాన్పు విషయమై నేను స్వయంగా అర్జీ సమర్పించాను. రసీదు ఇవ్వలేదు. కుంకుమ ఇచ్చారు. దానిని రసీదుగా నేను అంగీకరించలేదు.

అయిదు. గత ఫాల్గుణం, స్వామి కల్యాణం నాడు. నంద్యాల ఆస్పత్రిలో కాన్పు జరిగిన కాసేపటికే ఆ కోడలికి రక్తం కట్టలు తెంచుకుంది. ఈ అయిదో అంశంలో నా తప్పు కూడా ఉంది. దానిని కప్పిపెట్టి పట్టిక తయారుచేయడం నా పద్ధతి కాదు. కింద వివరిస్తాను.

ప్రతివాది అహోబిలం నరసింహస్వామి. ఈ మాట రాయడానికి నేను వెనకాడలేదు. ఎందుకు వెనకాడలేదో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పాలి.

ముప్పై రెండేండ్లు నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో తపాలు గుమాస్తాను. వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర వేసి, వరుస సంఖ్య ఇచ్చి, చేరవలసిన బల్లకు చేర్చి, జవాబు వెళ్లిన రోజున రిజిస్టరులో చివరి గడి నింపడం నా పని. చివరి గడి ఖాళీగా ఉన్న కాగితం నన్ను నెమ్మదిగా అన్నం తిననిచ్చేది కాదు. పై అధికారులు ‘చూద్దాంలేవయ్యా’ అనేవారు. మూడో రోజున ఆ కాగితాన్నే మళ్లీ వారి ముందు పెట్టేవాణ్ణి. నన్ను ఇష్టపడినవారు తక్కువ. నా బల్ల మీద తమ కాగితం పోయిందని చెప్పగలిగినవారు మాత్రం ఎవరూ లేరు.

పదవీ విరమణ అయ్యాక చేతులు ఊరకుండలేదు. పొడుగాటి నోటు పుస్తకమొకటి తెచ్చి గడులు గీశాను. ఎవరి కోసం, ఏమి కోరిక, ఏ తిథినాడు విన్నవించినది, జవాబు. వీధిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా అందులో ఎక్కించి, వారి తరఫున స్వామికి విన్నవించడం మొదలుపెట్టాను. అహోబిలానికి జీపు నడిపే ఒకాయన కంటిచూపు. పాలుపోసే ఆమె కొడుకు తాగుడు. డోన్ దగ్గర మెట్టపొలం చేసుకొనే ఒక దూరపు చుట్టం బోరు. కొన్నిటికి చివరి గడి నిండింది. కొన్నిటికి నిండలేదు. నిండనివాటిని ప్రతి ఏకాదశికీ మళ్లీ ఆయన ముందు పెడుతూనే ఉన్నాను.

ఆ పుస్తకంలో నా కోసం ఒక్క వరుస కూడా లేదు. అది వినయం కాదు, అనుభవం. తన కోసం అడిగేవాడి గొంతు దానంతట అదే తగ్గుతుంది. తన తప్పులు తనకు గుర్తుకొస్తాయి. ఇదివరకే పొందినవి గుర్తుకొస్తాయి. ఇక గట్టిగా ఏం అడుగుతాడు? పక్కవాడి కోసం అడిగేవాడికి ఆ తడబాటు ఉండదు. న్యాయం స్పష్టంగా కనిపిస్తుంది. నిలబడి, తల ఎత్తి, ‘ఇది ఎందుకు జరిగింది?’ అని అడగవచ్చు.

మరొక కారణం కూడా ఉంది. తక్కిన దేవుళ్ల దగ్గరికి మనం పోతాం. ఈయన మన దగ్గరికి వస్తాడు. చెంచుల ఆడబిడ్డను పెండ్లాడబోతూ, ఆ పెండ్లికి జనాన్ని పిలవడానికి, కొండ దిగి నలభై రోజుల పైచిలుకు ఊరూరూ పల్లకిలో తిరుగుతాడు. దానిని పారువేట అంటారు. పల్లకి దించడానికి ప్రతి ఊళ్లోనూ తరతరాలుగా నిర్ణయమైన అరుగులున్నాయి. వాటిని మేము తెలుపులంటాం. మా వీధి తెలుపు మా గడపకు ముప్పై అడుగుల దూరం కూడా ఉండదు. పెండ్లికి పిలవడానికి గడప దాకా వచ్చిన చుట్టాన్ని నిలబెట్టి, ‘మా పిల్ల సంగతి ఏం చేసినావప్పా?’ అని అడగడం మా వైపు అమర్యాద కాదు. లోపల అంత బాధ పెట్టుకొని, నవ్వుతూ తాంబూలం అందుకోవడమే అమర్యాద.

ఇక ఆ పిల్ల సంగతి.

పక్కింటివారిది బియ్యం అంగడి. మా రెండిండ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. కోడలు గడివేముల పిల్ల. కాపురానికి వచ్చిన నాటినుంచి నన్ను పెదనాయనా అంటుంది. మూడో బిడ్డ పోయిన తర్వాత ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. బియ్యం చెరుగుతూ కూర్చుంటే చాట చప్పుడు తప్ప మనిషి ఉన్న అలికిడి ఉండేది కాదు. కిందటి కార్తికంలో ఒక పొద్దున నేను వసారాలో పుస్తకం తెరిచి కూర్చొని ఉండగా, గోడకు అవతల వచ్చి నిలబడింది.

“పెదనాయనా, నాకు నాలుగో నెల.”

నేను కలం పక్కన పెట్టాను.

“ఈసారి నేను మొక్కల్యా. మూడుసార్లు మొక్కినా. ఇప్పుడు మొక్కేకే భయమైతాంది. నేను అడిగితే ఆయనకు గుర్తొస్తాదేమో.”

“ఏం గుర్తొస్తాదమ్మా?”

“నేను ఉండానని.”

ఆమే మళ్లీ అంది.

“నువ్వు అడుగు. నీకైతే భయం లేదు గదా.”

“లేదు” అన్నాను. ఆ మాట అన్నప్పుడు కొంచెం ఉంది.

ఆ రోజే పుస్తకంలో ఎక్కించాను. ఎవరి కోసం అనే గడిలో ‘పక్కింటి కోడలు’ అని రాశాను. మాఘమాసంలో పల్లకి మా వీధికి రావడానికి రెండు రోజుల ముందు అసలు అర్జీ రాయడానికి కూర్చున్నాను. చిత్తుప్రతిలో మొదటి వాక్యం దానంతట అదే వచ్చింది. ‘తల్లీబిడ్డ క్షేమంగా ఇల్లు చేరేటట్లు అనుగ్రహించవలెను.’ ఈ వాక్యం రాయడానికి గుమాస్తా అక్కరలేదు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా కాన్పుకు పోయే పిల్లను చూసి ఇదే అంటుంది. ఆ రెండు మాటలనూ మా వైపు ఎవరూ విడదీసి పలకరు.

నేను విడదీశాను.

తపాలు సెక్షనులో ఒక నియమం ఉంది. ఒక అర్జీకి ఒక కోరిక. రెండు కోరికలున్న కాగితం రెండు బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇది నాది కాదని ఈ బల్లవాడంటాడు, నాది కాదని ఆ బల్లవాడూ అంటాడు. చివరికి రెండు పనులూ కావు. ‘వేర్వేరుగా రాసుకొని రాండి’ అని ఎంతమందిని వెనక్కి పంపానో నాకే తెలియదు. పట్టికలోని మూడు అన్యాయాలూ బిడ్డలకు జరిగినవి. తల్లికి మూడుసార్లూ ఏమీ కాలేదు. కాబట్టి తల్లి ప్రస్తావన ఈ అర్జీకి సంబంధం లేనిదని తోచింది. స్కేలు పెట్టి ఒకే గీతతో ఆ మాట కొట్టివేసి, పక్కన పొడి సంతకం చేశాను. శుద్ధప్రతిలో ‘బిడ్డ క్షేమంగా ఇల్లు చేరేటట్లు’ అని మాత్రమే మిగిలింది.

తల్లికి మూడుసార్లూ ఏమీ కాలేదు. ఇది నా చేత్తో నేను చిత్తుప్రతి అంచున రాసుకున్న వాక్యం. మూడుసార్లు ఖాళీ ఒడితో నంద్యాల నుంచి బస్సులో తిరిగొచ్చిన మనిషి గురించి రాసినది. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. చించివేయలేదు.

మా ఇంటామె వంకాయలు తరుగుతూ కత్తిపీట మీదినుంచే చూసింది.

“ఏందీ, పొద్దన్నుంచి రాస్తాండావ్?”

“అర్జీ.”

“ఎవురికి?”

“సామికి.”

“ఆయనకేనా? మరి నకలు ఎవురికి పెట్టినావ్, ఆయన పెండ్లానికా?”

“నకలు ఎవరికీ లేదు. నేరుగా ఆయనకే.”

“ఆయమ్మకు పెట్టు. ఆడదాని కష్టం ఆయనకేం తెలుస్తాది?”

“నడుమ ఇంకో బల్ల చేరిస్తే ఆలస్యమైతాది.”

“అయితే కానీలే. దేవుని ఇంట్లో కూడా బల్లలు ఏపిచ్చినావ్” అని మళ్లీ వంకాయల మీద పడింది.

ఆమె చెప్పిన మాట ఆ రోజు విని ఉంటే ఈ అయిదో అంశం రాసే అవసరం ఉండేది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ద్వాదశినాడు మధ్యాహ్నానికి డప్పులు వినబడ్డాయి. బోయీలు పల్లకిని తెలుపు మీద దించారు. వీధంతా హారతి పళ్లేలతో మూగింది. పక్కింటి అత్త, అంటే ఆ పిల్ల అత్తగారు, నా పక్కకు వచ్చి చెవిలో చెప్పింది. ఆమె నన్ను అన్నా అంటుంది.

“అన్నా, మెల్లగా అడుగు. ఆయన ఉగ్రుడు. కంబం చీల్చుకొని వచ్చినోడు.”

“బిడ్డ కోసమే గదమ్మా చీల్చుకొని వచ్చినాడు. నేను అడిగేదీ బిడ్డ కోసమే.”

“ఏమోన్నా. నాకైతే కాళ్లు ఆడ్డం లేదు.”

కోడలు బయటికి రాలేదు. వాళ్ల తలుపు సందులోంచి చీర అంచు ఒక్కటే కనిపించింది. స్వామి కంట పడకుండా నిలబడిందని నాకు అర్థమైంది.

అర్జీని గట్టిగా, తప్పులు లేకుండా చదివాను. మూడు తిథులూ చదివాను. ‘ఒక్క బిడ్డ పిలిచినందుకు స్తంభంలోంచి వచ్చినవాడవు. ఈ ముగ్గురికీ పిలవడానికి నోరు వచ్చేదాకా కూడా ఆగలేదు. ఇది ఏ ధర్మం?’ అనే వాక్యం దగ్గర హారతి పళ్లేలు పట్టుకున్నవాళ్లంతా నా వైపు తిరిగారు. చివర కాగితంలో లేని మాట ఒకటి కలిపాను.

“దీనికి జవాబు రానిదే నేను నీ పెండ్లికి రాను.”

బోయీల్లో ఒకాయన చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

“పెద్దాయనా, సామినే బెదిరిస్తాండావా?”

“బెదిరించడం ల్యా. ముందుగా తెలియజేస్తాండా.”

ముసలి అర్చకుడు కాగితం అందుకొని, స్వామి పాదాల దగ్గర ఒక క్షణం ఉంచి, కుంకుమ పెట్టి నాకే తిరిగి ఇచ్చాడు.

“రసీదు?” అన్నాను.

“ఆ కుంకుమే అనుకోండి స్వామీ” అన్నాడు. ఆయనను తప్పుపట్టను. ఆయన అధికారంలో ఉన్నది అంతే.

పల్లకి లేచింది. పక్కింటి అత్త నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

ఆ తర్వాత నెల రోజులు మా వీధిలో ఎవరూ ఆ పిల్లను ‘ఎట్లుండావ్?’ అని అడగలేదు. అడిగితే ఏమవుతుందోనని. ఎనిమిదో నెల వచ్చింది. ఆమె నడక నెమ్మదించింది. రోజూ పొద్దున గోడ దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా, నా వైపు చూసి తల ఊపేది. కడుపులో బిడ్డ ఉందని అర్థం. నేను కూడా తల ఊపేవాణ్ణి. ఫాల్గుణం మొదట్లో ఆమె ముఖం, కాళ్లు వాచాయి. రక్తపోటు ఎక్కువైందని నంద్యాలలో ఆస్పత్రిలో చేర్చారు. కల్యాణం నాడు పొద్దున ఆపరేషను చేస్తామన్నారు.

ఆ పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో అందరూ అహోబిలం బస్సుల కోసం తోసుకుంటున్నారు. నేను ఎదురు దిక్కున నంద్యాల బస్సెక్కాను. తెలిసినవాళ్లు కిటికీలోంచి పిలిచారు. “ఏమన్నా, పెండ్లి ఆడ అయితే ఈ పక్క పోతాండావ్?” బస్సు కదిలింది.

ఆస్పత్రిలో ఆపరేషను గది ఎదుట బల్ల మీద ఆ పిల్ల భర్త, అత్త కూర్చొని ఉన్నారు. నేను కూడా కూర్చున్నాను. పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. తలుపు తెరుచుకొని నర్సు తల బయటికి పెట్టింది.

“ఆడపిల్ల. ఏడ్చింది. బరువు తక్కువుంది, గాజుపెట్టెలో పెడతాండారు. బాగుంటాదిలే.”

అత్త చేతులు జోడించి నేల మీద కూలబడింది. భర్త గోడకు తల ఆనించాడు. నేను కలం తీసి, వరుస వెతికి, చివరి గడిలో తిథి వేసి, ‘మంజూరు’ అని రాశాను. అన్నేండ్ల ఉద్యోగంలో ఏ గడి నింపినప్పుడూ అంత తృప్తి కలగలేదు.

కలానికి మూత పెట్టకముందే తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. చేతి తొడుగులు తీయలేదు.

“రక్తం ఆగడం లేదు. ఇంకా కావాలి. గర్భసంచి తీయాల్సి రావచ్చు. సంతకం చేయండి. తీసినా... మా ప్రయత్నం మేం చేస్తాం.”

భర్త సంతకం పెట్టి రక్తం కోసం మెట్లు దిగి పరుగెత్తాడు. అత్త నేల మీదినుంచి లేవలేదు. నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

“నేను చెప్పినా గదన్నా, మెల్లగా అడగమని.”

నేను పుస్తకంలో మడిచి పెట్టుకున్న అర్జీ చిత్తుప్రతిని తెరిచాను. నా ధైర్యమే ఈ పిల్ల ప్రాణం మీదికి తెచ్చిందా అని వెతకడానికి తెరిచాను. కంటికి మొదట పడింది అది కాదు. చిత్తుప్రతిలో స్కేలుతో గీసిన గీత. పక్కన నా పొడి సంతకం. కోరినది కోరినట్లు మంజూరైంది. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తక్కువ లేదు. బిడ్డ క్షేమం. నేను ఎన్నో ఏండ్లపాటు పేదవాళ్ల కాగితాల్లో వెతికి పట్టుకున్న లోపం లాంటిదే, నా కాగితంలో.

దేవుడు గుమాస్తా కాడని నాకు తెలుసు. ఆ నిమిషంలో ఆ తెలివి పనిచేయలేదు. పనిచేసినా, ఆ గీత నాదే.

లేచాను.

“తప్పు నా కాగితంలో ఉండాదమ్మా. సరిచేసుకొని వస్తా.”

“ఇప్పుడు యాడికన్నా?”

“పెండ్లికి.”

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో ఒళ్లో పుస్తకం పెట్టుకొని అనుబంధ అర్జీ రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. నా దస్తూరీ అట్లా ఎన్నడూ లేదు. సూచిక: ఇదివరకటి అర్జీ. విషయం: పొరపాటున తొలగించిన మాట. ‘పొరపాటున’ అనే మాట దగ్గర ఆగాను. పొరపాటు కాదు. ఆలోచించి తొలగించినది. దానిని కొట్టివేసి ‘బుద్ధిపూర్వకంగా’ అని రాశాను.

ఆళ్లగడ్డలో బస్సు మారుతుండగా ఫోను మోగింది. మా ఇంటామె.

“ఇంకా లోపలే ఉండాదంట. రెండో బాటిలు ఎక్కిస్తాండారంట. నువ్వు యాడుండావ్?”

“అహోబిలం బస్సులో.”

ఆమె నిదానంగా అంది.

“ఈసారన్నా ఆయమ్మకు చెప్పు.”

అహోబిలం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కల్యాణం రాత్రికి. అప్పటికే వరుస గుడి ప్రహరీ దాటి అంగళ్ల దాకా వచ్చింది. పెండ్లికి వచ్చినవాళ్ల నవ్వులు, పిల్లల ఏడుపులు, మైకులో మంగళవాద్యం. నేను నిలబడ్డాను. ఫోను చేతిలోనే పట్టుకున్నాను. అది మోగకూడదనీ అనుకున్నాను, మోగాలనీ అనుకున్నాను. నా ముందున్న దంపతులు తమ కూతురి సంబంధం గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లను ముందుకు తోసి పోవాలనిపించింది. తోయలేదు. అందరివీ అర్జీలే.

స్వామి ఎదుటికి వచ్చేసరికి ఎంత పొద్దు గడిచిందో తెలియదు. అక్కడ నిలబడనిచ్చేది నాలుగు క్షణాలు. జేబులోంచి కాగితం తీశాను. కండ్లద్దాలు ఏ బస్సులోనో మర్చిపోయాను. అక్షరం కనబడలేదు. అంత జాగ్రత్తగా రాసిన వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చినవి ఇవి.

“సామీ, తల్లిని రాయల్యా. నేనే కొట్టేసినా. రూలని కొట్టేసినా. తప్పు నాది. శిక్ష ఉంటే నా పేరు మీద రాయి. ఆ పిల్ల మీద ఏసినావంటే నేను ఒప్పుకోను.”

వెనక ఎవరో అన్నారు. “పెద్దాయనా, జరుగు. అందరూ చూడల్ల.”

“జరగను.”

“ఏందప్పా ఈయన? పెండ్లికి వచ్చినాడా, పంచాయితీకా?”

“పంచాయితీకే” అన్నాను.

అర్చకుడు తలెత్తి చూశాడు. మా వీధికి వచ్చిన ముసలాయన కాదు, చిన్నవాడు. “ఎవరి పేరు మీద?” అని అడిగాడు. ఆమె పేరు చెప్పాను. చెబుతుండగా తెలిసింది, నా పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా లేదని. అంతటా పక్కింటి కోడలే. ఆయన ఆ పేరును స్వామికి వినిపించాడు. నేను అమ్మవారి వైపు కూడా తిరిగి, అదే పేరు మళ్లీ చెప్పాను. అప్పుడు జరిగాను.

బయట పూల అంగడి పక్కన గట్టు మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో నమోదు చేయలేదు. నా జీవితంలో అంత ముఖ్యమైన ఏ సంఘటనకూ కాలం రాసుకోకుండా లేను. ఫోను మోగింది. ఆ పిల్ల భర్త. మాట కంటే ముందు ఏడుపు వినబడింది. నా చేతిలో ఫోను బరువెక్కింది.

“మామా... ఆగింది. గర్భసంచి తీసేసినారు. ప్రాణానికి భయం లేదన్నారు.”

పూల అంగడి ఆమె నన్ను చూసి నీళ్ల చెంబు అందించింది. కల్యాణం చూడకుండా నంద్యాల బస్సెక్కాను.

ఇది నా విన్నపానికి జవాబని నేను పుస్తకంలో రాయలేదు. డాక్టరమ్మ చేతులు, ఎవరో తెలియని మనుషులిచ్చిన రక్తం కూడా ఆ గడిలో చోటు కోరతాయి. కాదని కూడా రాయలేదు. ‘ప్రాణం దక్కినది’ అని మాత్రం రాశాను. ఆ వరుసలో పక్కింటి కోడలు అనే మాట కొట్టివేసి ఆమె పేరు వేశాను. ఇక్కడ ఆ పేరు రాయను. తెలియవలసినవాడికి తెలుసు.

నెల తిరగకముందే పిల్లను తీసుకొని ఇంటికి వచ్చారు. ఒకరోజు పొద్దున ఆమె గోడ దగ్గరికి వచ్చింది. భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. పక్కింటి అత్త వెనకనుంచి కేకేసింది. “గాలి తగులుతాది, లోపలికి రా మే. ఏమన్నా, నువ్వన్నా చెప్పు. సామికే చెప్తావ్, దీనికి చెప్పలేవా?” ఆస్పత్రిలో ఆ రోజు తర్వాత ఆమె నాతో ఆడిన మొదటి మాట అది. నాకు చాలా బరువు దిగింది.

కోడలు లోపలికి పోలేదు. నా పుస్తకం వైపు వంగి చూసింది. పోయిన ముగ్గురు బిడ్డల కోసం ఎక్కించిన పాత వరుసల మీద వేలు పెట్టింది.

“వీళ్లవి నిండల్యా.”

“లేదమ్మా.”

“ఈ పాప వచ్చింది గదా, ఇంక వాళ్ల సంగతి ఎందుకు అంటాండారు అందురూ.”

“నువ్వేమంటావ్?”

ఆమె బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

“వాళ్లు ముగ్గురూ నాకు ఉండారు పెదనాయనా. మళ్లీ అడుగుతావా?”

“అడుగుతా.”

“అయితే నా పేరు కూడా ఎయ్యి. ఇప్పుడు ఆయనకు గుర్తొచ్చినా నాకు భయం లేదు.”

అందుచేత ఈ కాగితం ఇద్దరి పేరు మీద తయారైంది.

కావున అహోబిలం నరసింహస్వామివారికి విన్నవించునది ఏమనగా:

నాలుగో బిడ్డను, ఆమె తల్లిని ఇంటికి చేర్చినందుకు మేము కృతజ్ఞులము. ఆ కృతజ్ఞత పట్టికలోని మొదటి మూడు అంశాలను రద్దు చేయదు. ఒకరికి మేలు చేయడం మరొకరి విషయంలో జవాబు చెప్పడం కాదు. నాలుగో నెలలో పోయిన బిడ్డ, ఏడవని ఆడపిల్ల, పేరు పెట్టించుకోలేకపోయిన మగబిడ్డ, ఈ ముగ్గురూ ఎందుకు తీసుకోబడ్డారో, ఇప్పుడు ఎక్కడ ఎవరి దగ్గర ఉన్నారో, వేర్వేరుగా తెలియజేయవలెను. ఇకమీదట ఆ తల్లికి మరొక కాన్పు లేకుండా ఎందుకు చేయవలసి వచ్చినదో కూడా తెలియజేయవలెను.

ఈ అర్జీలో ఒకటి కన్నా ఎక్కువ కోరికలు ఉన్నవి. ఆ కారణంగా దీనిని తిప్పి పంపరాదు. ఆ నియమం నాది. దానిని నేను ఉపసంహరించుకొన్నాను.

జవాబు వ్రాతపూర్వకంగా ఉండవలెను. ఏ లిపిలో వ్రాసినా అభ్యంతరం లేదు. చదువుకొనే బాధ్యత మాది. కుంకుమను, తీర్థాన్ని, మౌనాన్ని జవాబుగా స్వీకరించము. వచ్చే మాఘంలో పెండ్లికి పిలవడానికి వచ్చి మా వీధి తెలుపు మీద పల్లకి దించే లోపల అది మాకు అందవలెను. ఆ రోజున నేను కాగితం చేతబట్టుకొని అక్కడే నిలబడి ఉంటాను. ఆ తల్లి తలుపు చాటున కాదు, నా పక్కన, బిడ్డతో సహా నిలబడి ఉంటుంది.

నకలు: అమ్మవారికి.